ఫిడేలు నాయుడుగారు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఎవరిని గూర్చి వ్రాయవలెనని నేను ఎక్కువ ఆలోచింపలేదు. దేశనాయకులను గూర్చియు, కవులను గూర్చియు వ్రాయుటకు నాకంటె చదువుకొన్నవారు ఈ సంచికలోనే పలువురు గలరు. నేను గ్రామలెక్కలు వ్రాసుకొని బ్రతుకువాడను. తీరిక దొరికినప్పుడు భారత భాగవతములు ఎవరి సాయము లేకుండ కూడబలుకుకొని చదువుకొన్నవాడను. నేను ఎన్నుకొన్నది ఒక ఫిడేలు విద్వాంసుని. ఆయన ద్వారం వేంకటస్వామినాయుడుగారు.

పుస్తకాల సంచికలో ఫిడేలుకు పనియేమని ఒకరిద్దరు మిత్రులు నవ్విరి. వారికి నా సమాధానము రెండు మాటలలో చెప్పవచ్చును. చూపు మందమై బడిచదువు సాగని బాలుడొకడు తరువాత ఒక కళాశాలకే అధ్యక్షుడైనాడు. పుస్తకము చదువలేనివానికి విద్య యే త్రోవను వచ్చునన్నది గ్రంథాలయము నడుపువారు తప్పక తలచవలసిన ప్రశ్న. ఇది మొదటి మాట. ఇక రెండవది: ఒకరి ప్రక్కన కూర్చుండి వారి పాటకు అండగా వాయించుటయు, తానొక్కడే సభకు నడుమ కూర్చుండి మూడుగంటలు కచేరి నిలుపుటయు ఒకే మనుష్యునికి చెల్లునా? ఒకదానికి వినయము కావలెను, రెండవదానికి ధైర్యము కావలెను. ఈ రెండును ఒక చేతిలో ఇముడుట అరుదు. నాయుడుగారి చేతిలో ఇమిడినవి. ఈ సంగతియే నేను చెప్పదలచినది.

ఆయనకును మన తడకును సంబంధమేమని అడుగుదురేమో. సంబంధమేమియు లేదు. అయినను విజయనగరము నుండి మద్రాసు పోవు రైలుదారి బెజవాడ, నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేటలను దాటి మన తడ మీదుగానే పోవును. కచేరీలకై ఆయన రైలులో మద్రాసునకు పోయిన ప్రతిసారియు, పులికాటు సరస్సు ఒక ప్రక్కను మెరయుచుండగా, ఫిడేలుపెట్టెతో మన ఊరు దాటియే పోయియుండవలెను. మద్రాసు సంగీతసభలకును ఉత్తరాంధ్ర విద్యకును నడుమనున్న దారిమీద మనము నివసించుచున్నాము. ఆ మాత్రపు చుట్టరికము చాలునని నా యభిప్రాయము.

ఆయనను నేను చూడలేదు. ఆయన 1964లో కాలధర్మము నొందిరి; నేను ఆ తరువాత పుట్టినవాడను. నా యౌవనమున ఒకనాటి రాత్రి పద్దులు సరిచూచుకొనుచుండగా ప్రక్కనున్న రేడియోలో మద్రాసు కేంద్రము పాత రికార్డు నొకదానిని వినిపించెను. ఎవరో పురుషుడు మాటలు లేకుండ పాడుచున్నాడని తలచితిని. మాటలెందుకు పలుకుట లేదో తెలియక లెక్క ఆపి వింటిని. పాట ముగిసిన తరువాత అది గాత్రము కాదు, ఫిడేలనియు, వాయించినది ద్వారం వేంకటస్వామినాయుడుగారనియు చెప్పిరి. ఆ రాత్రి పద్దు కుదరలేదు. మరునాడు ఉదయమున మరల మొదటినుండి కూడుకొంటిని.

ఈ ఫిడేలు మన దేశపు వాద్యము కాదని అందరకును తెలియును. ఐరోపావారి వాద్యమది, ఆంగ్లేయులతో మద్రాసునకు వచ్చినది. ముత్తుస్వామిదీక్షితులవారి తమ్ముడు బాలుస్వామిదీక్షితులు (1786–1858) దానిని నేర్చి మన సంగీతమునకు లోబరచెను. తంజావూరి నట్టువాంగ సోదరులలో ఒకడగు వడివేలు తిరువాన్కూరు స్వాతితిరునాళ్ మహారాజు ఆస్థానమున దానిని ప్రసిద్ధిలోనికి తెచ్చెను. దొరలు నిలుచుండి గడ్డము క్రింద అదిమిపెట్టి వాయించుదురు. మనవారు పద్మాసనమునకు దగ్గరగా కూర్చుండి, దాని తలను కుడికాలి మడమపై ఆనించి, క్రింది భాగమును భుజమునకును రొమ్మునకును చేర్చి వాయించుదురు. ఇందువలన ఎడమచేయి వాద్యము బరువు మోయనక్కరలేక తంత్రిపై పైకి క్రిందికి జారుటకు స్వేచ్ఛ పొందును. గమకములకు ఆ జారుట ప్రాణము. తీగలు కూడ మనవారు వేరుగా శ్రుతిచేయుదురు: మంద్రషడ్జము, మంద్రపంచమము, మధ్యషడ్జము, మధ్యపంచమము. వీణకున్నట్లు మెట్లు లేవు. వ్రేలు ఒక వెంట్రుకవాసి తప్పినను స్వరము తప్పును. అంధునకు చేతికఱ్ఱ ఎట్లో ఫిడేలు వాయించువానికి చెవి అట్లు. చూచి వాయించు వాద్యము కాదిది.

వేంకటస్వామినాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించిరి. ఆనాడు దీపావళి యని చెప్పుదురు. తండ్రి సైన్యములో ఉద్యోగి. పెరిగినది విశాఖపట్టణములో. చిన్ననాడే చూపు సన్నగిల్లినది. నల్లబల్లపై వ్రాసినది కనబడని బాలునికి బడిలో ఏమి సుఖముండును? చదువు మానవలసివచ్చెను.

ఆ కాలమున అట్టి బాలుని గతి యేమో మన పల్లెలలో పెద్దలెరుగుదురు. ఇంటిలో ఒక మూల కూర్చుండబెట్టి అన్నము పెట్టుదురు. మహా అయిన పశువులవెంట పంపుదురు. ఈయన అదృష్టమేమనగా అన్న వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు తెలిసినవారు. తమ్మునికి కన్నులు చేయలేని పని చెవులు చేయునని ఆ అన్న గుర్తించెను. తొలి గురువు ఆయనయే. ఆ తరువాతి గురువు సాధకమనియే చెప్పవలెను. దినమునకు ఎన్ని గంటలు వాయించిరో లెక్కపెట్టినవారు లేరు గాని, బడికి పోవలసిన గంటలన్నియు ఆ బాలునికి మిగిలియే యున్నవి గదా.

అన్నగారు అంతటితో ఊరకుండక, పుస్తకము పట్టలేని తమ్ముని చేతికి కమాను ఇచ్చి కూర్చుండబెట్టిన ఆ మధ్యాహ్నములను గూర్చి నేను పలుమార్లు తలచుకొందును. మహావిద్వాంసుల చరిత్రలలో ఇట్టి అన్నలకు ఒక వాక్యము దక్కును. ఇచ్చట రెండు వ్రాసితిని.

1919వ సంవత్సరమున విజయనగరములో మహారాజావారి సంగీత కళాశాల ఏర్పడెను. దాని పుట్టుకను గూర్చి చెప్పుకొను కథ యొకటి కలదు. సంస్థానోద్యోగి యొకరికి అంధుడగు కుమారుడు గలడు. ఆ బిడ్డకు సంగీతమునందు గల ఆసక్తి మహారాజు విజయరామ గజపతివారి దృష్టికి వచ్చినది. ఒక్క బాలునకు గురువును ఏర్పరచుటకు మారుగా మహారాజు అందరకును ఒక కళాశాలనే ఏర్పరచెను. హరికథా పితామహుడగు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. సంస్కృతాంధ్రములయందు ఉద్దండపండితులు, గజ్జెకట్టి చిరుతలు పట్టి గంటలకొలది నిలిచి కథ చెప్పగలవారు. అట్టివారు కూర్చున్న చోటికి ఇరువదియైదేండ్ల నాయుడుగారు వచ్చిరి.

విద్యార్థిగా చేరుటకై వచ్చిరనియు, వాయించి చూపుమనగా వాయించిరనియు, అది వినినవారు ఈయనను విద్యార్థుల వరుసలో గాక గురువుల వరుసలో కూర్చుండబెట్టిరనియు ఉత్తరాంధ్రమున కథగా చెప్పుకొందురు. కథలో కొంత అలంకారముండిన నుండవచ్చును. ఆ సంవత్సరమే ఆయన ఆ కళాశాలలో ఫిడేలు ఆచార్యులగుట మాత్రము నిజము. అంధబాలుని నిమిత్తము పుట్టిన పాఠశాల, చూపులేమిచే బడి విడిచినవానికి ఉద్యోగమిచ్చెను. దైవము ఇట్టి జమాఖర్చులను అప్పుడప్పుడు సరిపుచ్చును.

ఇక వాద్యకచేరి సంగతి. సంగీతసభలకు పోయి అలవాటు లేని పాఠకులకొరకు పక్కవాద్యమనగా ఏమో కొంచెము విప్పి చెప్పవలెను. గాయకుడు నడుమ కూర్చుండును. ఒక ప్రక్క మృదంగము, రెండవ ప్రక్క ఫిడేలు. గాయకుడు రాగమును ఆలాపించునప్పుడు ఫిడేలు ఆయన వెంట నీడవలె పోవలెను. ఆయన ఏ స్వరముపై నిలుచునో ముందుగా తెలియదు. వ్రాసిపెట్టుకొన్న కాగితము లేదు. ఆయన ఊపిరి తీసుకొన్నప్పుడు ఆయన విడిచిన స్వరమును ఫిడేలు పట్టి నిలుపవలెను. ఆయన ఆలాపన ముగిసిన తరువాత ఫిడేలుకు వంతు వచ్చును. అప్పుడు తన విద్య చూపవచ్చును గాని, గాయకుడు తీసుకొన్న కాలమును మించరాదు, ఆయన తొక్కిన ఎత్తును తేలిక చేయునట్లు వాయింపరాదు. స్వరకల్పనలో ఆయన వేసిన ముడికి బదులు చెప్పవలెను. ఆయన విప్పలేని ముడిని తాను వేయరాదు. గాయకుని గొంతు తారస్థాయిలో సన్నగిల్లినప్పుడు ఎవరికిని తెలియకుండ ఫిడేలు ఆ లోటు పూడ్చవలెను. పేరు గాయకునిది. మా లెక్కల వ్యవహారములోను ఇట్లే యుండును: వ్రాయువాడొకడు, క్రింద సంతకము చేయువాడొకడు. కనుక ఈ ధర్మము నాకు కొంత తెలియును.

నాయుడుగారు ఈ ధర్మమును చాలకాలము నడపిరి. విజయనగరమునుండి మద్రాసునకు, తమిళదేశపు సభలకు పోయి ఆనాటి గాయకాగ్రేసరులకు పక్కవాద్యము వాయించిరి. తమిళదేశమున ఫిడేలుకు అప్పటికే గొప్ప పరంపర యుండెను. తిరుక్కోడికావల్ కృష్ణయ్యర్ (1857–1913), ఆ తరువాత మలైక్కోట్టై గోవిందస్వామిపిళ్ళై (1879–1931) వంటివారు వాయించిన సభలవి. అట్టి సభలలో ఉత్తరపు కొసనుండి వచ్చిన తెలుగువాని కమానుకు చెవి యొగ్గించుట తేలిక కాదు. నాయుడుగారి వాద్యమునకు మొదట గుర్తింపు తెచ్చినది వేగము కాదు, నాదము. కమానును ఈ కొసనుండి ఆ కొసవరకు నిండుగా లాగి, తునక కాకుండ ధారగా నాదము తీయుట ఆయన మార్గము. పాశ్చాత్యులు కమాను పట్టు పద్ధతిని ఆయన శ్రద్ధగా పరిశీలించి, అందు మన సంగీతమునకు పనికివచ్చినది తీసుకొని, పనికిరానిది విడిచిరి.

ఆ కాలమున ముగ్గురు ఫిడేలు విద్వాంసులను కలిపి త్రిమూర్తులుగా చెప్పుకొనుచుండిరి. మైసూరు చౌడయ్యగారు (1895–1967), కుంభకోణం రాజమాణిక్యంపిళ్ళైగారు (1898–1970), మన నాయుడుగారు. ముగ్గురలో వయస్సుచే పెద్ద నాయుడుగారే. ధ్వనివర్ధకములు ఇంకను సభలకు రాని దినములవి. పెద్ద పందిరిలో వెనుకవరుసవారికి ఫిడేలు వినబడుట కష్టము. చౌడయ్యగారు దీనికొక ఉపాయము కనిపెట్టిరి. నాలుగు తీగల ఫిడేలుకు మరి మూడు చేర్చి ఏడు తీగలు చేసిరి. నాదము పెరిగినది, ఆయనకు కీర్తి వచ్చినది. అది ఆయన ప్రతిభ. నాయుడుగారు నాలుగు తీగలనే నమ్ముకొనిరి. నాదము పెంచవలెనన్న తీగల సంఖ్యను గాక కమాను ఒత్తిడిని, నిడివిని, వంతెనకు ఎంత దగ్గర రాయవలెనన్న నిదానమును చూచుకొనిరి. ఎవరిది గొప్ప యని తీర్పుచెప్పుటకు నేను చాలను. కాని ఉన్న నాలుగింటిని పూర్తిగా వాడుకొనుట మీదనే నా మనస్సు మొగ్గును. పొలము చాలలేదని ప్రక్కపొలము కౌలుకు తీసుకొనువాడు ఒకడు, ఉన్నదానినే లోతుగా దున్నువాడు ఒకడు.

1938లో వెల్లూరులో నాయుడుగారు గాయకుడు లేకుండ తామే ప్రధానముగా కూర్చుండి కచేరి చేసిరి. ఇప్పుడు అందరు సోలో కచేరి యనుచున్నది ఇదియే. కర్ణాటక సంగీతమున ఫిడేలుకు ఇదే మొట్టమొదటి స్వతంత్ర కచేరి యని పలువురు వ్రాసిరి. మొదటిదా కాదా యను వాదమున నేను దిగను. వీణకును వేణువునకును నాగస్వరమునకును ఆ గౌరవము పూర్వమునుండి కలదు. ఫిడేలు మాత్రము పక్కపీటపై కూర్చుండి అలవాటుపడిన వాద్యము. దానిని నడిమిపీటకు తెచ్చినవారిలో ముందుగా చెప్పవలసిన పేరు నాయుడుగారిది. అప్పటికి ఆయన వయస్సు నలువదినాలుగు సంవత్సరములు దాటినది.

ఇందలి కష్టమేమో గ్రహింపవలెను. గాయకునికి సాహిత్యము కలదు. త్యాగరాజస్వామివారి కృతి పాడినప్పుడు రాగము కొంచెము సడలినను మాటలోని భక్తి వినువానిని పట్టి నిలుపును. ఫిడేలుకు మాటలు లేవు. అదే కృతిని వాయించునప్పుడు మాటలు తెలిసినవాడు లోపల పాడుకొనును. తెలియనివానికి అది రాగముల వరుస మాత్రమే. నాయుడుగారు ఈ లోటును కమానుతో తీర్చిరి. సాహిత్యములో అక్షరము మారినచోట కమాను మలుపు. దీర్ఘమున్నచోట కమాను సాగును. పరుషాక్షరము పడినచోట కమాను నొక్కును. అన్నివిధముల ఎడమచేయి రాగమును పలుకుచుండ, కుడిచేయి మాటలను పలుకుచుండును. అందువలననే ఆ రాత్రి నాకది మాటలు దాచిన మనుష్యకంఠమని తోచినది.

తక్కిన కష్టము కాలమునకు సంబంధించినది. పక్కవాద్యమున సగము భారము గాయకునిది. రాగము ఏది, కీర్తన ఏది, పల్లవి యెంతసేపు, సభ ఆవులించుచున్నదా ఉత్సాహముగా నున్నదా అనునది గాయకుడు చూచుకొనును. తానొక్కడే కూర్చున్నవానికి ఈ యెంపికయంతయు తనదే. రాగము, తానము, పల్లవి మూడును తానే నడపవలెను. నీడగా నడచుట అలవాటైనవాడు ఎండలో తానే నడువవలసివచ్చిన మొదటిదినమున తడబడును. వెల్లూరున ఆయన తడబడలేదనుటకు తరువాతి కచేరీలే సాక్ష్యము.

ఇచ్చట నాకు మన నెల్లూరి తిక్కనసోమయాజిగారి విరాటపర్వము జ్ఞాపకమునకు వచ్చును. విరాటుని కొలువులో బృహన్నల ఆటపాటలు నేర్పు గురువు. ఉత్తరుడు యుద్ధమునకు బయలుదేరినప్పుడు ఆయన సారథిగా కూర్చుండెను, అనగా పక్కవాద్యము. కౌరవసేనను చూచి రాకుమారుడు బెదరి పారిపోగా, పట్టి తెచ్చి పగ్గములు ఆతని చేతికిచ్చి, జమ్మిచెట్టుమీది గాండీవమును దింపించి, తానే యుద్ధము చేసెను. అంతవరకు అందరకు తెలిసినదే. నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆ తరువాతి ఘట్టము. గెలిచిన పిదప గాండీవమును మరల జమ్మిపై నుంచి, మరల సారథియై, గెలుపు ఉత్తరునిదేనన్నట్లు పురమునకు వచ్చెను. విల్లు పట్టుటకంటె విల్లు దింపి మరల పగ్గము పట్టుట కష్టము. నాయుడుగారు 1938 తరువాత పక్కవాద్యమును నీచముగా చూడలేదు. స్వతంత్ర కచేరీలును చేసిరి, గాయకులకు అండగాను కూర్చుండిరి.

ఈ విషయమున ఒక ఆక్షేపణ కలదు. ఫిడేలుకు నడిమిపీట దొరకినప్పటినుండి పక్కపీటపై కూర్చున్నవారికి నిలుకడ తప్పినదనియు, గాయకునితో పోటీ పెరిగినదనియు కొందరు పెద్దలందురు. కొన్ని సభలలో అది నిజమే. గాయకుని మీదికి ఫిడేలు దండెత్తినట్లు సాగిన కచేరులను నేనును వింటిని. కాని దోషము ఎవరిది? రెండు విద్యలు చేతనైనవానిది కాదు, ఒకదానిని రెండవదాని చోట వాడినవానిది.

దూరదేశపు సంగతి యొకటి చెప్పెదను. ఇది అప్రస్తుతము కాదు. ఐరోపాలో ఫిడేలుకు అన్న యనదగిన వాద్యము ‘చెల్లో’ యని కలదు. మనుష్యుని నడుమంత యెత్తుండును. మోకాళ్ళ నడుమ నిలిపి వాయించుదురు. దాని నాదము గంభీరమైన పురుషస్వరము. చాలకాలము దానిపని క్రిందిస్థాయి నిలిపి తక్కినవారికి ఊతనిచ్చుట. బాహ్ అను జర్మను వాగ్గేయకారుడు (1685–1750) ఒంటరి చెల్లోకై ఆరు రచనలు చేసియుండగా, వానిని జనులు అభ్యాసపాఠములుగా తలచి సభలకు తేలేదు. స్పెయిను దేశీయుడు పాబ్లో కసాల్స్ (1876–1973) పదుమూడేండ్ల వయస్సున బార్సిలోనా నగరములో ఒక పాతపుస్తకాల దుకాణమున ఆ ప్రతిని కనుగొని, పన్నెండేండ్లు తనలో తాను సాధకము చేసి, ఆ పిమ్మట సభలో వాయించెను. 1936 మొదలు 1939 వరకు వానిని గ్రామఫోనునకు ఎక్కించెను. అటు కసాల్స్, ఇటు నాయుడుగారు, ఒకరినొకరు ఎరుగనివారు. ఇంచుమించు అవే సంవత్సరములలో ఇద్దరును ఊతవాద్యమును ఒంటరిగా నిలువబెట్టిరి. కసాల్స్‌కు బాహ్ వ్రాసియుంచిన ప్రతి యుండెను. నాయుడుగారికి వ్రాసియుంచిన ప్రతి లేదు. ఉన్నను చదువుటకు చూపు చాలదు.

1936లో నారాయణదాసుగారు విరమింపగా నాయుడుగారు కళాశాలకు అధ్యక్షులైరి. పెద్ద కచేరీలు చేయు విద్వాంసునకు ఈ ఉద్యోగమొక బరువు. మద్రాసుననే కాపురముండిన సభలు చేరువ, ధనము చేరువ. విజయనగరమున ఉండిన ప్రతి కచేరికిని రెండుదినములు రైలుకే చెల్లును. అయినను ఆయన ఆ పీఠమును విడువలేదు. దానిఫలితము మనము నేడు అనుభవించుచున్నాము. ఘంటసాల వెంకటేశ్వరరావుగారు (1922–1974) కుఱ్ఱవాడై, సంగీతము నేర్వవలెనను పట్టుదలతో విజయనగరము చేరునప్పటికి కళాశాలకు సెలవులు. నాయుడుగారు ఆ బాలునకు కళాశాలలోనే తలదాచుకొనుటకు చోటిచ్చిరి. తరువాత పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆతనికి విద్య చెప్పిరి. మాధుకరము ఎత్తి తిని నేర్చిన ఆ విద్య మన తెలుగు ఇండ్లలో ప్రతి ఉదయమున వినబడుచునే యున్నది. నేదునూరి కృష్ణమూర్తిగారు 1940లో ఆ కళాశాలలోనే ఫిడేలు, గాత్రము మొదలుపెట్టి, తరువాత 1991లో సంగీతకళానిధి యైరి. సినిమాపాటలలో పి. సుశీలగారు అక్కడి విద్యార్థినియే. సెలవులలో వచ్చిన బిడ్డను తలుపు మూసి పంపివేసినచో ఏమగునో ఊహింపవచ్చును. బడి విడువవలసివచ్చిన బాల్యము ఆయనకు జ్ఞాపకముండెనేమో.

సన్మానముల పట్టిక నాకంత ముఖ్యముగా తోచదు గాని సంచికకు కావలెను గనుక చెప్పుచున్నాను. 1941లో మద్రాసు సంగీత అకాడమీవారి మహాసభకు అధ్యక్షత వహించి సంగీతకళానిధి బిరుదము పొందిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమిచ్చెను. 1953లో కేంద్ర సంగీతనాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ వచ్చినవి. జనులు మాత్రము వీనిలో నేదియు పలుకక ఫిడేలు నాయుడుగారనియే పిలిచిరి.

వీనికంటె నాకు రుచించిన సంగతి వేరొకటి. ప్రపంచప్రసిద్ధుడగు ఫిడేలు విద్వాంసుడు యెహూది మెనూహిన్ 1952లో మన దేశమునకు వచ్చి, కరవు సహాయనిధికై కచేరీలు చేసెను. ఆ మెనూహిన్ మద్రాసున పి. వి. రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాద్యము విని ముగ్ధుడయ్యెను. రాజమన్నారుగారు మద్రాసు హైకోర్టు ప్రధానన్యాయమూర్తి, తెలుగు నాటకకర్త కూడను. ఒకరు కుర్చీపై, మరియొకరు చాపపై. ఒకరి వాద్యము గడ్డము క్రింద, మరియొకరిది మడమపై. నూటయేబదియేండ్ల క్రిందట ఓడలో వచ్చిన వాద్యము మనయింట పెరిగి ఏమైనదో పుట్టింటివారికి చూపించినట్లయినది. నాయుడుగారు అంధుల సహాయార్థము కచేరి చేసినదియు ఆ రోజులలోనే. ఆ కచేరి ఆయనకు తక్కినవానివంటిది కాదని నేననుకొందును.

1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన నాయుడుగారు కీర్తిశేషులైరి. డెబ్బదియొక్క సంవత్సరములు జీవించిరి. కుమార్తె మంగతాయారుగారు ఆ విద్యను ఫిడేలుపై నిలిపిరి. ద్వారంవారి వంశమున ఫిడేలు తరతరములుగా నడచినది. విశాఖపట్టణమున ఆయన పేర కళాక్షేత్రము కలదు. 1993లో శతజయంతికి భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ వెలువరించెను. విజయనగరపు కళాశాల నేడు ప్రభుత్వసంస్థగా నడచుచున్నది.

ఆయన వాద్యము మనకు మిగిలినది తక్కువ. ఆ కాలపు గ్రామఫోను పలకకు ఒక ప్రక్క మూడు నిమిషములే పట్టును. గంటసేపు పెరుగవలసిన రాగమును మూడు నిమిషములకు కత్తిరించి వాయింపవలెను. సముద్రమును చెంబుతో తెచ్చినట్లుండును. రేడియోవారి భాండారమున కొన్ని కచేరులు నిలిచినవి. విన్న పెద్దలు ఒక్కొక్కరుగా వెడలిపోయిరి. పలకలపై గీతలు పడినను, వెనుక ఇసుక జారుచున్నట్లు శబ్దము వచ్చుచున్నను, ఆ నిండుకమాను వినబడుచునే యుండును.

ఈ వ్యాసము వ్రాయుచున్న దినములలో జరిగిన సంగతి యొకటి చెప్పి విరమించెదను. మన గ్రంథాలయమునకు ప్రతిసాయంకాలము ఒక వృద్ధుడు వచ్చును. చూపు పూర్తిగా పోయినది. ఎవరైన వార్తాపత్రిక చదువగా విని పోవును. చందాదారుడే, చందా ఒక్కనెలయు తప్పలేదని నాకు తెలియును, ఆ పద్దు నేనే చూచుదును గనుక. మొన్న నేను సెల్‌ఫోనులో నాయుడుగారి త్యాగరాజకృతి యొకటి వినుచుండగా ఆయన వచ్చి బల్లపై కూర్చుండెను. ఎవరు పాడుచున్నారని అడుగలేదు, ఏ వాద్యమనియు అడుగలేదు. చరణము వచ్చునప్పటికి పెదవులు కదలించి, కమాను మలుపు మలుపునకు సరిగా, సాహిత్యమును లోలోపల పలుకనారంభించెను. ఆ కృతి ఆయనకు ఎచ్చట వచ్చెనో నేనడుగలేదు. పాట ముగిసిన పిమ్మట మరియొకసారి పెట్టుమనెను. పెట్టితిని. ఆ తరువాత పత్రిక చదువుమనెను, మొదటిపుటనుండి చదివితిని.